మూడు బస్తాల భాస్వరం: గొలుసుకట్టు చెరువులు, మన ఎరువుల సిఫారసులు

వరికి పైపాటుగా యూరియా వేసిన రెండు మూడు రోజులలోనే పెద్ద వాన కురిస్తే రైతుకు కలిగిన నష్టాన్ని మనము నత్రజని కిలోలలో లెక్క కట్టి, తిరిగి ఎంత వేసుకోవాలో సలహా ఇస్తాము. మడి గట్టు దాటిన ఆ నీరు ఎక్కడికి చేరినది, చేరిన చోట ఏమి చేసినది అన్న ప్రశ్న మాత్రము మన విస్తరణ కరపత్రాలలో దాదాపు కనిపించదు. గట్టు వరకే వ్యవసాయ శాస్త్రము, గట్టు దాటిన తరువాత పర్యావరణ శాఖ వ్యవహారము అన్న ఒక అప్రకటిత విభజన మన మధ్య స్థిరపడిపోయినది. ఈ విభజన చెరువులున్న ప్రాంతానికి, ముఖ్యముగా తెలంగాణకు, ఏ మాత్రమూ పొసగదని నా అభిప్రాయము.

చెరువు నీరు చిక్కని పచ్చరంగుకు మారి, గాలివాటు ఒడ్డున నూనె రంగులాంటి తెట్టు కట్టడము ఇప్పుడు వింత కాదు. దానికి కారణము వెతికినప్పుడు ముందుగా ఒక విషయము స్పష్టము చేయవలసి ఉన్నది. నగరాల చెరువులలో, ఉదాహరణకు హుస్సేన్ సాగర్‌లో, పోషకాల భారము ప్రధానముగా మురుగు నీటిది. అక్కడి సమస్యను రైతు మీదికి నెట్టడము అన్యాయము. గ్రామీణ చెరువులలో కూడా పశువుల పేడ, ఇళ్ళ వాడుక నీరు, బట్టల సబ్బులు తమ వంతు భారము మోపుతూనే ఉన్నవి. ఇక్కడ చర్చించదలచినది వాటిని మినహాయించిన తరువాత మిగిలే భాగము గురించి, అనగా సాగు భూముల నుండి వచ్చే నత్రజని, భాస్వరముల గురించి. మన వృత్తి బాధ్యత ఆ భాగము మీదనే ఉన్నది.

శైవలాల పెరుగుదలకు ఏ పోషకము పగ్గము వేస్తున్నదన్న వాదము 1970వ దశకము మొదట్లో తీవ్రముగా నడిచినది. సబ్బు పరిశ్రమల పక్షాన కొందరు కర్బనమే కారణమన్నారు. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందము ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విభజించి, ఒక భాగానికి కర్బనము, నత్రజని, రెండవ భాగానికి వాటితో పాటు భాస్వరము కూడా కలిపినది. భాస్వరము కలిపిన సగము పచ్చబడినది, రెండవ సగము తేటగానే ఉన్నది. ఆకాశము నుండి తీసిన ఆ ఛాయాచిత్రము 1974లో వెలువడిన తరువాత భాస్వరము మీద ఆంక్షలకు అనేక దేశాలలో మార్గము సుగమమైనది. అయితే ఆ ఫలితాన్ని మన చెరువులకు యథాతథముగా అన్వయించరాదు. మన చెరువులు లోతు తక్కువైనవి, వెచ్చనివి, అడుగు మట్టిలో నత్రజని వాయురూపములో వెళ్ళిపోవడానికి అనువైనవి. ఇటువంటి చోట నత్రజని కొరత కూడా శైవలాలను అదుపులో ఉంచగలదు. నీటి మీద తెట్టు కట్టే మైక్రోసిస్టిస్‌కు గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకొనే శక్తి లేదు. దానికి అమ్మోనియా, యూరియా రూపాలలోని నత్రజని అందుబాటులోకి వస్తే పండుగే. కనుక భాస్వరము ఒక్కటే దోషి అని తేల్చి యూరియాను విడిచిపెట్టడము మన పరిస్థితులకు తగదు. రెంటినీ కలిపి చూడవలసినదే.

ఇందులో ఒక విచిత్రము కూడా ఉన్నది. వరి మడిలో నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని స్థిరీకరిస్తుందని పి.కె. డే 1939లో నిరూపించినప్పటి నుండి మనము ఆ జీవులను జీవన ఎరువుగా రైతులకు పంచుతున్నాము. అదే వర్గానికి చెందిన జీవులు చెరువులో గుమికూడితే విషపు నాచు అని భయపడుతున్నాము. జీవిలో దోషము లేదు. దానికి ఎక్కడ, ఎంత ఆహారము పెడుతున్నామన్నదే ప్రశ్న. చేపల చెరువులో మనమే సూపర్ ఫాస్ఫేటు, యూరియా వేసి నీటికి లేత ఆకుపచ్చ రంగు తెప్పించమని సిఫారసు చేస్తాము. సెక్కీ పళ్ళెము 30 నుండి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే చాలునని, అంతకన్న ముందే కనుమరుగైతే ఎరువు ఆపమని మత్స్య శాస్త్రవేత్తలు చెబుతారు. అనగా నీటి శాస్త్రము తెలిసినవారు ఒక హద్దు పెట్టుకున్నారు. పైనుండి పొలాల నీరు మోసుకొచ్చే ఎరువుకు అటువంటి హద్దు ఎవరూ పెట్టలేదు.

ఆ హద్దు ఎంత చిన్నదో చూపడానికి ఒక సాధారణమైన లెక్క చాలు. నూరు ఎకరాల విస్తీర్ణము, సగటున రెండు మీటర్ల లోతు ఉన్న చెరువును తీసుకుందాము. అందులో నిలిచే నీరు సుమారు 8 లక్షల ఘనపు మీటర్లు. ఒక లీటరు నీటిలో మొత్తము భాస్వరము 35 మైక్రోగ్రాములు దాటితే ఆ జలాశయాన్ని పోషకాలు మితిమీరినదానిగా పరిగణించడము అంతర్జాతీయముగా వాడుకలో ఉన్న ఒక కొలబద్ద. ఈ లెక్కన మన చెరువును ఆ గీత దాటించడానికి కావలసిన భాస్వరము 28 కిలోలు. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరపు ఆమ్లజనిదము, అనగా సుమారు 10 కిలోల మూలక భాస్వరము ఉంటుంది. కనుక మూడు బస్తాల కన్న తక్కువ డీఏపీలోని భాస్వరము ఆ చెరువు స్వభావాన్ని మార్చడానికి చాలును. శైవల దేహములో భాస్వరము ఒక పాలు ఉంటే మొత్తము పొడి పదార్థము నూరు పాళ్ళకు పైగా ఉంటుంది. ఆ 28 కిలోలు పూర్తిగా వినియోగమైతే ఏర్పడేది దాదాపు మూడు టన్నుల పొడి పదార్థము. నీటితో కూడిన పచ్చి నాచుగా అది ఇంకా ఎన్నో రెట్లు. వేసవి నాటికి చెరువు సగానికి ఇంకితే గాఢత రెట్టింపవుతుంది.

ఈ చెరువుకు ఎగువన 500 ఎకరాలు సాగవుతూ, ఎకరాకు ఒక బస్తా చొప్పున డీఏపీ పడుతున్నదనుకుందాము. ఐదు వందల బస్తాలలో మూడు బస్తాలు అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. ఈ నష్టము ఏ రైతు జేబుకూ తెలియదు. మన ఎరువుల ప్రయోగాలలో దిగుబడి తేడాగా అది బయటపడదు, గణాంక పరీక్షలో ప్రయోగ దోషములో కలిసిపోతుంది. వరిలో వేసిన నత్రజనిలో పంట తీసుకొనేది నూటికి 30 నుండి 40 పాళ్ళేనని, భాస్వరములో మొదటి పంటకు అందేది ఇంకా తక్కువేనని చెప్పుకొని, ఎరువుల వినియోగ సామర్థ్యము పెంచితే చెరువులు వాటంతట అవే బాగుపడతాయని మనము భావిస్తూ ఉన్నాము. పై లెక్క ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది. సామర్థ్యము పది పాళ్ళు పెరిగినా, ఆ మూడు బస్తాలు పోయే దారి తెరిచే ఉంటే చెరువుకు ఒరిగేది స్వల్పము. మోతాదు గురించి మాత్రమే మాట్లాడే విస్తరణ సరిపోదు. పోషకము ఏ దారిన, ఏ రోజున పోతున్నదన్నది మోతాదుతో సమానమైన ప్రశ్న.

దారి గురించి ఆలోచించినప్పుడు మన ప్రాంతపు ప్రత్యేకత ఎదురవుతుంది. కాకతీయుల కాలము నుండి విస్తరించిన గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగు నీరు, దాని ఆయకట్టు మురుగు నీరు కింది చెరువులోకి చేరుతాయి. ఒక చెరువు ఆయకట్టు ఆ చెరువు కట్ట కిందనే ఉంటుంది కదా. ఆ పొలాలలో వేసిన ఎరువు ఆ చెరువును ఎన్నడూ తాకదు. అది తాకేది కింది ఊరి చెరువును. పై ఊరి రైతుకు తన ఎరువు వల్ల తన చెరువు పాడైనట్లు ఎప్పటికీ కనిపించదు, ఎందుకనగా నిజముగానే పాడు కాలేదు. తన చెరువును పాడుచేసినది ఇంకా పై ఊరి మాగాణి, పరీవాహక ప్రాంతములోని పత్తి, మొక్కజొన్న చేలు. “మీ చెరువును మీరు కాపాడుకోండి” అన్న నినాదముతో ఒక గ్రామములో సమావేశము పెట్టి వచ్చేస్తే, చెప్పవలసిన మాట చెప్పవలసిన వారికి చేరలేదన్నమాట. నీటి సంఘాలు ఒక్కొక్క చెరువు ఆయకట్టు ప్రాతిపదికన ఏర్పడినవి. పోషకాల ప్రవాహము గొలుసు ప్రాతిపదికన సాగుతున్నది. ఈ రెంటి మధ్య ఉన్న పొంతన లేమిని విస్తరణ శాస్త్రవేత్తలు తప్ప వేరెవరూ పూరించలేరని నేను అనుకుంటున్నాను. ఒక గొలుసులోని మూడు నాలుగు గ్రామాలను ఒక్క యూనిట్‌గా తీసుకొని పనిచేసే అవకాశము కృషి విజ్ఞాన కేంద్రాలకు ఉన్నది.

నష్టపోయేవారు ఎవరన్నది ఇంకొక ప్రశ్న. మధ్యాహ్నము పచ్చని నీటిలో ప్రాణవాయువు అవసరానికి మించి ఉంటుంది, ఉదజని సూచిక 9 దాటుతుంది. రాత్రంతా అదే నాచు శ్వాసించి ప్రాణవాయువును హరిస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి, మబ్బు పట్టిన రోజు తరువాత అయితే చనిపోతాయి. క్షారగుణము పెరిగిన నీటిలో అమ్మోనియా విషరూపము దాల్చడము దీనికి తోడు. ఈ నష్టము మత్స్య సహకార సంఘ సభ్యులది. వారిలో చాలమందికి భూమి లేదు, రైతు సమావేశాలకు పిలుపు లేదు. గొర్రెలు, బర్రెలు నీరు తాగేది ఆ చెరువులోనే కనుక పశువుల కాపరులదీ అదే స్థితి. మైక్రోసిస్టిస్ విడుదల చేసే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీసే విషము. తాగునీటిలో లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. తెట్టు కట్టిన ఒడ్డునే పశువు మూతి పెడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఎరువు వేసేవాడు ఒకడు, ఫలితము అనుభవించేవాడు వేరొకడు అయినప్పుడు లాభనష్టాల లెక్కతో రైతును ఒప్పించడము కుదరదు. ఈ మాటను మన విస్తరణ విద్యా పాఠ్యములో స్పష్టముగా చేర్చవలసి ఉన్నది.

అమెరికాలోని టొలీడో నగరము అనుభవము ఇక్కడ ఉపయోగపడుతుంది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నుండి వచ్చే కుళాయి నీటిలో మైక్రోసిస్టిన్ తేలడముతో నాలుగు లక్షలకు పైగా ప్రజలు రెండు మూడు రోజుల పాటు ఆ నీరు తాగలేకపోయారు. ఆ సరస్సుకు భాస్వరము మోసే మామీ నది పరీవాహక ప్రాంతము ప్రధానముగా వ్యవసాయ భూమి. అక్కడి రైతులు నేల కోతను అరికట్టడానికి దుక్కి తగ్గించారు, మట్టితో పాటు కొట్టుకుపోయే భాస్వరము తగ్గినది. కాని 1990వ దశకము మధ్య నుండి నీటిలో కరిగిన భాస్వరము పెరిగినది. శైవలాలు వెంటనే గ్రహించేది ఈ కరిగిన రూపాన్నే. దున్నని నేల మీద ఎరువు వెదజల్లడము వల్ల భాస్వరము పైపొరలోనే పేరుకొనడము, భూగర్భ మురుగు గొట్టాల ద్వారా నేరుగా బయటకు పోవడము అందుకు చూపిన కారణాలలో ముఖ్యమైనవి. వరి మాగాణుల్లో దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతిని ప్రోత్సహిస్తున్న మనము ఈ అనుభవాన్ని చదవవలసి ఉన్నది. తరువాతి వానాకాలములో దమ్ము చేసినప్పుడు ఆ పైపొర కలిసిపోతుంది కనుక ప్రమాదము అక్కడున్నంత ఉంటుందని నేను అనడము లేదు. కాని గట్లు వేసి, గడ్డి పెంచి, మట్టిని ఆపితే పని పూర్తయినదన్న తృప్తికి ఆధారము లేదని మాత్రము ఈరీ నేర్పుతున్నది.

మన సిఫారసులలో ఇప్పటికే ఉన్న మంచి మాటలు కొన్ని చెరువు దృష్టితో మరింత విలువైనవి. వరికి భాస్వరము మొత్తము దమ్ములోనే వేయాలని మనము చెబుతాము. రైతులు పిలకల దశలో డీఏపీనో, కాంప్లెక్స్ ఎరువునో పైపాటుగా నిలువ నీటిలో చల్లడము మాత్రము ఆగలేదు. యూరియాను బురద పదనులో చల్లి 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టమని కూడా చెబుతాము. బురద పదను తేవడానికి మడిలోని నీటిని తీసివేయాలి కదా, ఆ నీటిని ఎక్కడికి తీయాలో మాత్రము చెప్పము. కింది మడిలోకి తీయమంటే ఒక అర్థము, మురుగు కాలువలోకి తీయమంటే వేరొక అర్థము. నిలువ నీటిలో యూరియా వేసిన తరువాత మొదటి కొన్ని రోజులలోనే అమ్మోనియా గాఢత శిఖరానికి చేరుతుందన్నది వరి శాస్త్రములో చిరకాలముగా తెలిసిన విషయమే. ఆ కొద్ది రోజులు మడి నీరు గట్టు దాటకుండా చూడడము, వాతావరణ సూచన చూసి ఎరువు వేయడము, గట్టు ఎత్తును ఒక జానెడు పెంచడము అన్నవి రూపాయి ఖర్చు పెద్దగా లేని పనులు.

భూసార పరీక్ష గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిదేమో. 2015లో నేల ఆరోగ్య పత్రాల పథకము మొదలైన నాటి నుండి పత్రాలు అచ్చయినవి. భాస్వరము ఎక్కువ ఉన్న నేలలలో మోతాదు తగ్గించవచ్చని వాటి మీద రాసి ఉన్నది కూడా. కౌలు రైతు చేతికి ఆ పత్రము రాదు. వచ్చినా, అప్పు మీద ఎరువు ఇచ్చే దుకాణములో ఏ బస్తా ఉంటే ఆ బస్తా తెచ్చుకొనే వానికి పత్రములోని అంకెతో పని ఏమున్నది? 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల చిల్లరకు దొరుకుతున్నంత కాలము పొదుపు మాట వినిపించడము కష్టము. 2010లో పోషక ఆధారిత రాయితీ వచ్చినప్పుడు యూరియాను బయట ఉంచిన నిర్ణయము రైతుల ఎంపికను ఎటు మళ్ళించినదో ఆర్థిక శాస్త్ర విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. రైతును అజ్ఞానిగా చిత్రించే వాక్యాలను మన ప్రబంధాల ఉపోద్ఘాతాల నుండి తొలగించడము మంచిది.

చెరువులోకి చేరిన భాస్వరము అక్కడితో ఆగదు. మన ఎర్ర నేలల మట్టిలోని ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టుకొని చెరువు అడుగున చేరుతుంది. అడుగున ప్రాణవాయువు తరిగినప్పుడు ఆ ఇనుము రూపము మారి, పట్టుకున్న భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతుంది. పైనుండి రాక ఆగినా కొన్నేళ్ళ పాటు చెరువు తన నిల్వ నుండే తనకు ఎరువు వేసుకుంటుందన్నమాట. మైలుతుత్తము చల్లి నాచును చంపితే రెండు మూడు వారాలు నీరు తేటపడవచ్చు. చచ్చిన నాచు కుళ్ళి ప్రాణవాయువును హరిస్తుంది, కణాలలోని విషము నీటిలో కలుస్తుంది, భాస్వరము ఉన్నచోటనే ఉంటుంది. ఈ చిట్కాను చెరువులకు సిఫారసు చేయడము మానుకోవాలి.

అడుగు నిల్వను తగ్గించే మార్గము మన పెద్దలకు తెలిసినదే, పూడిక తీసి పొలానికి తోలడము. స్వీడన్‌లో ట్రుమెన్ సరస్సు అడుగున ఒక మీటరు మందము గల మట్టిని 1970, 1971 సంవత్సరాలలో తోడివేసిన తరువాత భాస్వరము, శైవలాలు బాగా తగ్గిన వృత్తాంతము ప్రపంచ సరోవర శాస్త్ర గ్రంథాలలో ఉదాహరణగా నిలిచినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. దానిని నీటి నిల్వ పథకముగానే అందరూ చూశారు. అది భాస్వరాన్ని చెరువు నుండి చేనుకు తిరిగి చేర్చిన పథకము కూడా. పూడిక తోలిన పొలములో మరుసటి పంటకు డీఏపీ ఎంత తగ్గించవచ్చునన్న సిఫారసు పూడికతో పాటే ఇచ్చి ఉంటే దాని ఫలితము రెట్టింపయ్యేది. మట్టిని పరీక్షించి అటువంటి సిఫారసు ఇవ్వడము ఇప్పటికైనా కష్టము కాదు. పూడికను కట్ట పక్కనే కుప్ప పోస్తే తొలకరికి అది తిరిగి చెరువులోకే చేరుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.

శిఖము భూముల సంగతి దీనికన్న సున్నితమైనది. నీరు తగ్గిన కొద్దీ చెరువు అంచున సాగు చేసి, ఆ సాగుకు ఎరువు వేస్తే అది చెరువు గర్భములోనే ఎరువు వేసినట్లు. అక్కడ సాగును నిషేధించమనడము తేలిక, కాని ఆ సాగు చేసేవారిలో నిరుపేదలు ఎక్కువ. శిఖములో రసాయన ఎరువు లేకుండా, ఉన్న ఒండ్రు సారముతోనే పండే పెసర, ఉలవ వంటి పంటలకు విత్తనము, కొనుగోలు భరోసా కల్పించడము నిషేధము కన్న మేలని నా నమ్మకము. చెరువులోకి వాగు ప్రవేశించే చోట తుంగ, జమ్ము వంటి మొక్కలను సమూలముగా పెరికివేసే అలవాటు కూడా మానుకోదగినది. వాటిని ఏటా కోసి బయటకు తీస్తే పోషకము కూడా వాటితో బయటకు వస్తుంది. గుర్రపుడెక్క విషయములో మాత్రము ఈ సానుభూతి నాకు లేదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో కొల్లేరు ఇదే కథను పెద్ద పరిమాణములో చెబుతున్నది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులతో పాటు డెల్టా పొలాల మురుగు కాలువలు, చేపల చెరువుల నీరు చేరుతాయి. బయటకు పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ సరస్సు గురించి ఆక్రమణల చర్చ ఎంత జరిగినదో, కాలువల నీటిలోని భాస్వరము గురించి అందులో పదో వంతు జరగలేదు. ఎరువు వరి పొలానిదా, చేపల చెరువుదా అని ఇరుపక్షాలు ఒకరినొకరు చూపుకోవడానికి ఆ కొలత లేకపోవడమే వీలు కల్పిస్తున్నది.

కొలత అనగానే మన ప్రయోగ క్షేత్రాల వైపు చూడవలసి వస్తున్నది. ఎరువుల ప్రయోగ నివేదికలలో దిగుబడి, పంట గ్రహించిన పోషకాలు, కోత తరువాత నేలలో మిగిలిన పోషకాలు పట్టికలుగా ఉంటాయి. మడి నుండి బయటకు పోయిన నీటికి ఒక నిలువు వరుస కేటాయించడము అరుదు. శాశ్వత ఎరువుల ప్రయోగ క్షేత్రాలు మన వద్ద ఉన్నవి, నీటి భాస్వరాన్ని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు ప్రతి నేలశాస్త్ర విభాగములోనూ ఉన్నది. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు ఒక గొలుసును ఎంచుకొని, దమ్ము నాడు, పైపాటు వేసిన మూడవ నాడు, ఆ తరువాత మొదటి పెద్ద వాన నాడు మురుగు బోదె నుండి, చెరువు ముఖము నుండి, తూము నుండి నీటి నమూనాలు తీస్తే ఒక వానాకాలములో ముప్పై నలభై సీసాలకు మించదు. కరిగిన భాస్వరము కోసము నమూనాను తీసిన చోటనే వడపోయాలి, మంచు పెట్టెలో ఉంచి మరునాటికల్లా పరీక్షించాలి. పై ఊరి రైతుల సమావేశములో కింది ఊరి మత్స్య సంఘము అధ్యక్షుని పక్కన కూర్చోబెట్టి ఆ అంకెలను చదివి వినిపించే పని విస్తరణ విభాగానిది. వచ్చే వానాకాలపు ప్రబంధ అంశాలు ఖరారయ్యే లోగా నేలశాస్త్రము, మత్స్యశాస్త్రము, విస్తరణ విభాగాలు కలిసి కనీసము రెండు గొలుసులనైనా ఎంపిక చేయాలని కోరుతున్నాను.